చేప రంగు - విలువ సమస్య

అరోవానా అనే చేపకు తూర్పు ఆసియా నగరాల్లో కొందరు ఇచ్చే ధర వింటే మన పాఠకుల్లో చాలామంది ముందు నవ్వుతారు, ఆ తర్వాత కోపగించుకుంటారు. నవ్వూ సహజమే, కోపమూ సహజమే. కాని నవ్వి ఊరుకున్నా, కోపగించుకుని ఊరుకున్నా ఒక ముఖ్యమైన ప్రశ్న మన చేతిలోంచి జారిపోతుంది. అరుదైనది కావటం అనేది ఒక గుణమా? ఒక వస్తువుకు ఎరుపు ఉన్నట్టు, బరువు ఉన్నట్టు, రుచి ఉన్నట్టు అరుదుతనం కూడా దానిలోనే ఉంటుందా? లేక అది ఆ వస్తువుకు బయట, మనుషుల మధ్య ఉన్న సంబంధం మాత్రమేనా? ఈ ప్రశ్నను బంగారం మీదా వజ్రాల మీదా చర్చించటం మనకు అలవాటు. నేను కావాలనే ఒక చేపను ఎంచుకుంటున్నాను. చేప ప్రాణం ఉన్నది. మేత తింటుంది, జబ్బు పడుతుంది, చస్తుంది. కాబట్టి ఇక్కడ ప్రశ్న ఇంకా పచ్చిగా కనిపిస్తుంది.

ఆ ధర సంగతి ముందు చెప్పి పక్కన పెడతాను. అమెరికన్ రచయిత్రి ఎమిలీ వోయిట్ ఈ చేప వెంట కొన్నేళ్ళు దేశాలు పట్టుకు తిరిగి 2016లో ఒక పుస్తకం ప్రచురించింది. ఒక్క చేప మూడు లక్షల డాలర్లకు అమ్ముడుపోయిందని వ్యాపారుల నోట విన్న మాటను ఆమె రాసింది. అది వ్యాపారుల మాట కనుక కొంత తగ్గించుకునే వినవచ్చు. సగానికి సగం కొట్టివేసినా మన సమస్య అలాగే ఉంటుంది. ఇక సామాన్య రకాలు వందల డాలర్లకు, మంచి ఎరుపు రకాలు వేల డాలర్లకు దొరుకుతాయన్న దాంట్లో వివాదమేమీ లేదు.

ఇంతకూ ఏమిటీ చేప? ఆగ్నేయాసియా నదుల్లో, బురద సరస్సుల్లో బతికే చేప. దాదాపు గజం పొడవుదాకా పెరుగుతుంది. అద్దపు బిళ్ళల్లాంటి పెద్ద పొలుసులు, దవడ చివర రెండు మీసాలు, పైకి తెరుచుకునే నోరు. నీటి పైపైన తిరుగుతూ కొమ్మమీది పురుగును ఎగిరి పట్టుకుంటుంది. దీని వంశం రాక్షసబల్లుల కాలంనాటిది. కొన్ని డజన్ల గుడ్లకు మించి పెట్టదు. ఆ గుడ్లనూ, పొదిగిన తర్వాత పిల్లలనూ మగచేప తన నోట్లో దాచుకుని వారాల తరబడి కాపాడుతుంది. పిల్లలు పెద్దవై తిరిగి పిల్లలు పెట్టే ఈడుకు రావటానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంటే గోదావరిలో పులసలాగా గుంపులు గుంపులుగా వచ్చిపడే చేప కాదు. ప్రకృతి దీన్ని నిదానంగా పెంచుతుంది.

దీని రంగులు నదుల పేర్లలాంటివి. ఆకుపచ్చ ఛాయ ఉన్నది ఎక్కువ చోట్ల ఉంటుంది. తోక ఎర్రగా ఉన్న బంగారు రకం సుమత్రాది. వెన్ను మీదుగా ఇటునుంచి అటు బంగారు పొలుసులు కప్పుకున్నది మలయా ద్వీపకల్పానిది. పేరాక్ రాష్ట్రంలోని బుకిత్ మేరా సరస్సు దానికి పేరుపడ్డ చోటు. రక్తంలాంటి ఎరుపు మాత్రం బోర్నియో దీవి పడమటి భాగంలో, కపువాస్ నది ఎగువన, సెంతారుం సరస్సుల ప్రాంతానిది. అక్కడి నీరు కుళ్ళిన ఆకుల సారంతో చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. ఆ నల్లనీటిలో వేల ఏళ్ళు వేరుగా బతికిన చేపల సంతతి ఎర్రనైంది. ఇందులో ఏ మనిషి ప్రతిభా లేదు, ఏ ధనికుడి అభిరుచీ లేదు.

కపువాస్ ఒడ్డున ఉండే మలయ్ జాలరులూ, ఇబాన్ దయాకులూ ఈ చేపను పట్టి తినేవారు. గొప్ప రుచికరమైన చేప అని కూడా పేరు లేదు, ముళ్ళెక్కువ. వేరేది దొరకనినాడు కూరకు పనికివచ్చేది. ఇప్పటి ధరల దృష్ట్యా ఆ కూర లెక్క కట్టి, పాపం ఎంత అమాయకులో అని నవ్వేవారున్నారు. నాకు మాత్రం ఆ ఇంటి పొయ్యి దగ్గరే చేపకూ మనిషికీ మధ్య తిన్ననైన సంబంధం కనిపిస్తుంది. చేప ఆకలి తీర్చింది. దాని విలువ అక్కడ అంతే, అది అబద్ధం లేని విలువ.

తర్వాత కథ తలకిందులైంది. అంతరించిపోయే జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒడంబడిక - సైటిస్ అంటారు దాన్ని - 1975లో అమలుకు వచ్చింది. అరోవానాను అందులో మొదటి అనుబంధంలో, అనగా వ్యాపారం నిషిద్ధమైన జంతువుల పట్టికలో, చేర్చారు. 1980ల నాటికి తైవాన్, జపాన్, హాంగ్‌కాంగ్, సింగపూర్ మార్కెట్లలో ఈ చేప మోజుగా మారింది. జాలరి కూరకుండలోంచి అది పడవల్లో, విమానాల్లో దేశాలు దాటటం మొదలుపెట్టింది. సెంతారుం సరస్సుల్లో ఎర్ర చేప కంటికి కనపడటమే గగనమైంది. ఆ తర్వాత ఫారాలు వచ్చాయి. రిజిస్టరైన ఫారంలో రెండో తరం నుంచి పుట్టిన చేపను అమ్ముకోవచ్చునన్నారు. ప్రతి చేప ఒంట్లోనూ బియ్యపుగింజంత చిప్పు, చేతికి జన్మపత్రిక లాంటి ధ్రువపత్రం. చుట్టూ ప్రహరీ, కుక్కలు, కాపలా. ఈనాడు ఫారాల్లో వేలమీద వేలుగా పుడుతున్న ఈ చేపే, అడవి నీటిలో అంతరించిపోతున్నదిగా లెక్కకెక్కింది. ఇంత పుష్కలంగా ఉత్పత్తి అవుతూ ఇంత అరుదుగా ఉన్న ప్రాణి ఇంకొకటి నాకు తట్టటంలేదు.

ఇక్కడ వోయిట్ ఒక మాట అంటుంది, ఆ మాట చాలామంది ఉదారవాదులకు నచ్చింది కూడా. నిషేధమే ఈ చేపకు ధర తెచ్చిందట. అంతరించిపోతున్నదని చట్టం చాటింపు వేసింది గనుకనే కోరిక పుట్టిందట. ఇందులో నిజం లేకపోలేదు. తాళం వేసిన గదిలోనే నిధి ఉంటుందనుకోవటం మనిషికి అలవాటు. అయినా ఈ వివరణ సగంలో ఆగిపోతుంది. ఆ మొదటి అనుబంధంలో వందల ప్రాణులున్నాయి. తాబేళ్ళున్నాయి, కప్పలున్నాయి, ఎవరూ కన్నెత్తి చూడని ఎలుకలూ గబ్బిలాలూ ఉన్నాయి. అవన్నీ విలాసవస్తువులయ్యాయా? కాలేదు. చట్టం ఒక తలుపు మూసింది, అంతవరకే. ఆ తలుపు ముందు డబ్బుసంచులతో నిలబడ్డ జనాన్ని తయారుచేసింది చట్టం కాదు. ఆ దశాబ్దాల్లో ఆ నగరాల్లో కొత్తగా పోగుపడ్డ సంపద, ఆ సంపద తనను తాను చూపించుకోవటానికి వెతుక్కుంటున్న అద్దం, దాంతోపాటు చేప తోక ఆడిస్తే అదృష్టం వస్తుందన్న పాత నమ్మకం - ఈ మూడూ కలిసినచోట చేప దొరికింది. చైనా భాషలో దీన్ని డ్రాగన్ చేప అంటారు. యజమానికి రావలసిన కీడును తాను మోసుకుని చేప చచ్చిపోతుందని కూడా నమ్ముతారు. తొట్టెలో నీరు పాడై చేప చచ్చినా వ్యాపారికి నష్టం లేదన్నమాట. కస్టమరు కృతజ్ఞతతో ఇంకొకటి కొనుక్కుంటాడు.

మనవాళ్ళు నవ్వుకోనక్కరలేదు. మన నగరాల్లోనూ వాస్తుచేప అనే సరుకు అమ్ముడవుతున్నది. అది ఎక్కువగా దక్షిణ అమెరికా అమెజాన్ నదిలోని వెండి అరోవానా. చవక రకం, ఇంటి ఈశాన్యం మూల బాగుచేయటానికట. అమెజాన్‌లో దాని పిల్లలను ఎలా పడతారో ఆ ఇంటివారికి తెలియదు. పిల్లలు తండ్రి నోట్లో ఉంటాయని చెప్పాను గదా. తండ్రిని చంపి నోరు విప్పి పిల్లలను తీసే పద్ధతి అక్కడ ఉన్నది.

అసలు ధర ప్రశ్నకు వద్దాం. ఫారంలో పెరిగిన ఎర్ర అరోవానాకు ఒక ఖరీదు ఉండటం మనకు అర్థమవుతుంది. చెరువు తవ్వాలి, తల్లిచేపలను ఏళ్ళు మేపాలి, మగచేప నోరు విప్పి పిల్లలను జాగ్రత్తగా తీయాలి, రాత్రీ పగలూ నీరు కనిపెట్టాలి. ఇదంతా మనుషుల శ్రమ. ఈ శ్రమ ఆ చేప ఖరీదులో ఉంటుంది, ఉండాలి. మరి ప్లాటినం రకం అంటారే, దాని సంగతేమిటి? ఒకే చెరువులో, ఒకే తండ్రి నోట్లోంచి వచ్చిన పిల్లల్లో ఏదో ఒకదానికి ఎక్కడో ఒక జన్యువు తప్పి రంగే పట్టకపోవచ్చు. ఒళ్ళంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటుంది. దానికి పట్టిన మేత తక్కినవాటి మేతే. దానికి పట్టిన శ్రమ తక్కినవాటి శ్రమే. నీళ్ళు మార్చిన కూలివాడు ఒకడే, వాడికి ముట్టిన కూలీ ఒకటే. ధర మాత్రం ఎన్నో రెట్లు. ఈ తేడా ఎక్కడనుంచి ఊడిపడింది?

రికార్డో 1817లో అచ్చయిన తన గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఈ చిక్కును చూశాడు. అరుదైన శిల్పాలు, చిత్రాలు, పాత పుస్తకాలు, ప్రత్యేకమైన నేలలో పండిన ద్రాక్షసారాయి లాంటివాటి విలువ శ్రమతో నిర్ణయం కాదని, ఎంత శ్రమపడ్డా వాటిని ఎక్కువచేయలేము గనుక కొనేవారి సంపదను బట్టీ కోరికను బట్టీ మారుతుందని చెప్పి, అవి మార్కెట్లో స్వల్పభాగమేనంటూ ముందుకు సాగిపోయాడు. మార్క్స్ ఇంకొక అడుగు వేశాడు. విలువ లేనిదానికి కూడా ధర ఉండగలదన్నాడు. మనిషి అంతరాత్మకూ, పరువుకూ విలువ అన్నది వర్తించదు, అయినా అవి అమ్మకానికి వచ్చాయంటే వాటికి ధర పుడుతుంది. సరుకులోని విలువకు ధర అద్దం పట్టవలసిన చోట ఇలాంటి సందర్భాల్లో ఇంకదేనికో అద్దం పడుతుంది.

దేనికి? నా ఉద్దేశంలో తెల్ల అరోవానా ధర చేపను కొలవటం లేదు. కొనేవాడి చేతిలో ఎంత మిగులు పోగుపడి ఉన్నదో దాన్ని కొలుస్తున్నది. ఆ ధరకు చేపలో హద్దు లేదు. హద్దు ఎక్కడన్నా ఉంటే కొనేవాడి జేబులో ఉన్నది, వాడితో పోటీపడే ఇంకొకడి జేబులో ఉన్నది. ఆ జేబులోకి డబ్బు ఎక్కడి కార్ఖానాలనుంచి, ఎక్కడి తోటలనుంచి, ఎవరి ఓవర్‌టైము నుంచి వచ్చిందో చేపకు తెలియదు. కాని ఆ గుడ్డల మిల్లులో, ఆ ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు లేకపోతే ఆ తెల్లచేప ధర కూడా లేదు. అద్దాల తొట్టె ముందు నిలబడి మనం చూస్తున్నది ఒక జంతువును మాత్రమే కాదు.

ఈ జబ్బు కొత్తది కాదు. పదిహేడో శతాబ్దపు హాలండులో తులిప్ పూలకు ఇదే గతి పట్టింది. తెల్లటి రేకుల మీద ఎర్రటి మంటలాంటి చారలున్న సెంపర్ ఆగస్టస్ అనే రకం దుంపకు ఇచ్చిన ధరలు మన చరిత్ర విద్యార్థులు చదివే ఉంటారు. 1637 ఫిబ్రవరిలో బజారు కూలింది. తర్వాత మూడువందల ఏళ్ళకు, 1928లో, డొరొతీ కేలీ అనే శాస్త్రజ్ఞురాలు ఆ చారలు ఒక అంటురోగం వల్ల పుట్టినవని ప్రయోగంతో నిరూపించింది. అది వైరస్ అని ఇప్పుడు మనకు తెలుసు. అంటే ఆ వర్తకులు పువ్వు రోగాన్ని వేలంలో పాడుకున్నారన్నమాట! తెల్లచేప సంగతీ అంతకంటె చాలా దూరం కాదు. నల్లనీటి సరస్సులో తెల్లటి ఒళ్ళుతో పుట్టిన పిల్ల తండ్రి నోట్లోంచి బయటికి రాగానే ఏ పెద్దచేపకో ఏ కొంగకో కనపడిపోతుంది. ప్రకృతిలో చావు తెచ్చే లోపం గాజుతొట్టెలో గొప్ప గుణమైంది.

మొన్నామధ్య ఈ విషయం మా కాలేజీ విద్యార్థుల మధ్య వస్తే ఒక చురుకైన కుర్రవాడు నన్నడిగాడు: "మాస్టారూ, డబ్బు ఆయనది, చేప ఆయనది. మేత బాగానే పెడుతున్నాడు. మధ్యలో మనకేం నష్టం?" మంచి ప్రశ్న. వెంటనే ఇంకొక విద్యార్థిని లేచి, "ఆ డబ్బుతో ఎన్ని బడులు కట్టచ్చో లెక్కవెయ్యి" అన్నది. తరగతి అంతా ఆమె పక్షాన చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

ఎందుకంటే బడుల లెక్క మన శిబిరంలో చాలాకాలంగా చెల్లుబాటవుతున్న కాని, రెండో వైపు ఎవరూ తిప్పి చూడటంలేదు. ఆ లెక్క ప్రకారం వీణ తప్పు, నాటకం తప్పు, ఇంటిముందు చామంతి మొక్క తప్పు. అజంతా గుహల్లో గోడకు రంగు వేసినవాడు ఆ పూట ఎవరికో అన్నం ఎగ్గొట్టినవాడే అవుతాడు. ఆకలి తీరేదాకా అందం ఆగాలనేవాడు శ్రామికుడిని మనిషిగా చూడటంలేదు, కడుపుగా చూస్తున్నాడు. ఇది చెప్పటానికి అరోవానాకంటె మంచి ఉదాహరణ ఇంకొక రంగుచేపలో ఉన్నది.

జపాన్‌లో నీగాతా ప్రాంతపు కొండల్లో యమకోషి అనే ఊళ్ళున్నాయి. చలికాలమంతా మంచు కప్పేసి బయటికి దారి ఉండదు. అక్కడి వరిరైతులు పొలాల మడుగుల్లో నల్లటి కార్ప్ చేపలను చలికాలపు కూర కోసం పెంచుకునేవారు. పందొమ్మిదో శతాబ్దం తొలిరోజుల్లో ఆ చేపల్లో అప్పుడప్పుడు ఎరుపో తెలుపో మచ్చతో పిల్లలు పుట్టసాగాయి. రైతులు వాటిని వండుకోలేదు, దాచుకున్నారు. ఒకదానితో ఒకటి కలిపి తరతరాలుగా రంగు నిలబెట్టారు. ఈనాడు ప్రపంచమంతటా కోయి అని పిలుస్తున్న చేప అదే. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టేదాకా బయటి ప్రపంచానికి పెద్దగా తెలియదు. దాని అసలు తోబుట్టువు మనకు పరాయిదేమీ కాదు. మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, అదే కార్ప్. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో శీలావతి, బొచ్చెలతోపాటు అక్కడక్కడ పెరిగి కిలోలెక్కన తూకానికి పోతుంది.

యమకోషి రైతు చేసిన పనిని ఏమందాం? మంచులో కూరుకుపోయి, కడుపుకు చాలీచాలని ఇంట, తినవలసిన చేపను తినకుండా దాని ఎర్రమచ్చను చూసి సంతోషించినవాణ్ణి దుబారామనిషి అందామా? అందాన్ని కనిపెట్టటానికి తీరిక ఉన్న వర్గం అక్కరలేదని ఆ రైతు రుజువు చేశాడు. ఆ ఎర్రమచ్చకు ఆ ఊళ్ళో విలువ ఉన్నది, ధర లేదు. పక్కింటివాడికి రెండు పిల్లలిస్తే వీడి చెరువులో అందం తగ్గిపోలేదు.

2018 అక్టోబరులో హిరోషిమాలోని ఒక ఫారంలో పెరిగిన కోయి ఆడచేప వేలంలో 20 కోట్ల 30 లక్షల యెన్‌లకు, అనగా దాదాపు 18 లక్షల డాలర్లకు, అమ్ముడుపోయింది. మీటరు పైచిలుకు పొడవు, తెలుపు మీద ఎరుపు. రైతు మురిసిపోయింది కూడా తెలుపు మీద ఎరుపు చూసే! రంగు మారలేదు. మరి ఏం మారింది?

ఇక్కడే ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఉన్నదని నాకు తోస్తున్నది. ఒక ఆనందం పదిమందికి పంచితే ఏమవుతుందో చూడాలి. పాట పదిమంది పాడితే తరగదు. ఎర్రచేప అందం పది చెరువుల్లో ఉంటే తరగదు. తరిగేది ధర ఒక్కటే. అరోవానా ఫారాలు పెరిగి సామాన్య రకాలు విరివిగా పుట్టేసరికి వాటి ధర దిగింది. దిగగానే ఆ చేప వికారంగా మారిందా? లేదు. నిన్నటి ఎరుపే. కాని మోజుపడేవారి చూపు వెంటనే ఇంకొకదాని మీదికి పోయింది. వ్యాపారులు ఎరుపులోనే మిరపపండు ఎరుపు, నెత్తుటి ఎరుపు అని చీల్చారు. బంగారంలో ఇరవైనాలుగు క్యారెట్లదని, పొలుసు అడుగున నీలం ఉన్నదని వేరుచేశారు. అందుచేత కొనేవాడు కొంటున్నది ఎరుపును కాదు, ఇంకొకడికి ఆ ఎరుపు లేకపోవటాన్ని. అతని ఆనందంలో పదార్థం ఇతరుల లేమి. "మనకేం నష్టం" అన్న ప్రశ్న ఇక్కడ తన కాళ్ళమీద తాను నిలబడలేదు. మనకు లేకపోవటమే అక్కడ అమ్ముడైన సరుకు అయినప్పుడు మనం ఆ బేరంలో బయటివాళ్ళం కాము.

ఆ లేమిని తయారుచేయటానికి పని కూడా జరుగుతుంది. కోయి తల్లి ఒక్క విడతలో లక్షల గుడ్లు పెడుతుంది. పిల్లలు వేలెడంత కాకముందే ఏరివేత మొదలవుతుంది. తెల్లటి పళ్ళెంలో పోసి, మచ్చ సరిగా పడనిదాన్ని, రంగు పలచబడ్డదాన్ని తీసివేస్తారు. నెలకో విడత చొప్పున మళ్ళీమళ్ళీ ఏరుతారు. చివరికి మిగిలేవి నూటికి ఒకటో రెండో. రైతుకు మేత పరిమితం, చెరువు పరిమితం, ఏరక తప్పదు. మన చెరువు రైతు కూడా పిల్లను ఏరతాడు. కాని మనవాడు బతికేదాన్ని ఉంచి బతకనిదాన్ని వదులుకుంటాడు. అక్కడ చక్కగా బతకగలదాన్ని, మచ్చ రెండు వేళ్ళు పక్కకు పడినందుకు, లేకుండా చేస్తారు. అరుదుతనం దానంతటది దొరకటంలేదు. లక్షల మామూలు చేపలను తీసివేసి తయారుచేస్తున్నారు. పళ్ళెం దగ్గర వంగి కూచుని రోజుకు వేల పిల్లలను చూసే ఆ కళ్ళ శ్రమ మాత్రం నిజమైనది. వేలంపాట వార్తల్లో ఆ కళ్ళ ఊసు ఉండదు.

అరోవానాకైతే తొట్టెలో ఇంకొక అవస్థ. పైకి చూసి బతకవలసిన చేప, నాలుగు గోడల మధ్య ఏళ్ళతరబడి కిందికి చూస్తూ తిరుగుతుంది. కన్ను జారుతుంది, గుడ్డు కిందికి వేలాడుతుంది. దీనికి పెంపకందారులు రకరకాల కారణాలు చెబుతారు. కారణమేదైనా, కన్ను జారిన చేపకు ధర పడిపోతుంది కనుక మత్తుమందు కలిపిన నీటిలో పడుకోబెట్టి కన్ను పైకెత్తే ఆపరేషను చేస్తున్నారు. దవడ సరిచేస్తారు. ఎరుపు ముదరటానికి రోజుకు ఇన్ని గంటలని దీపాలకింద ఉంచుతారు. ఒక్కొక్క తొట్టెకు ఒక్కొక్క చేప. రెండోది ఉంటే పొలుసు ఊడేలా పోట్లాడుకుంటాయి. దాని బాధ మనిషి బాధవంటిదని నేను చెప్పను. అయితే సరుకుగా మారినది తన ఒంటిని ధర కోసం దిద్దించుకోవలసి వస్తుందన్నది మనుషుల విషయంలో మనకు కొత్త సంగతి కాదు.

ఇక మనవాళ్ళు మాట్లాడటానికి ఇష్టపడని ఒక సంగతి. పైన చెప్పిన ఆ మూడు లక్షల డాలర్ల చేపను కొన్నవాడు చైనా కమ్యూనిస్టుపార్టీ పెద్ద అధికారి అని వోయిట్ విన్న మాట. కొన్నవాడి పేరు లేదు, సాక్ష్యం లేదు, విన్నమాట విన్నమాటే. ఇది ఎత్తుకుని శత్రువర్గ పత్రికలు ఎంత సంబరపడతాయో నాకు తెలుసు. అయినా దాచిపెట్టటం నా పద్ధతి కాదు. ఆ మాట నిజమైతే, మనకు కావలసిన ప్రశ్న అతని అభిరుచి గురించి కాదు, అంత మిగులు ఒక అధికారి గుప్పిట్లోకి ఎలా చేరిందన్నది. జెండా రంగును బట్టి ఆ ప్రశ్న మారదు. అబద్ధమైతే, అలాంటి మాట పుట్టి, విన్నవారికి నమ్మదగినదిగా తోచటంలోనే ఆలోచించవలసినది చాలా ఉన్నది.

కొందరు పర్యావరణవాద మిత్రులు నాతో వాదించారు: ఫారంలో పెంచి అమ్మనిస్తే అడవిచేప మీద ఒత్తిడి తగ్గుతుంది, కనుక ధరే రక్షణ అని. ఫారాలు వచ్చాక నదిలోంచి పట్టటం వల్ల వచ్చే లాభం కొంత తగ్గిందని నేనూ ఒప్పుకుంటాను. కాని ధర ఫారంలో చేపకు కావలి పెట్టింది, సెంతారుంకు పెట్టలేదు. సరస్సు చుట్టూ అడవి నరికి పామాయిల్ తోట వేసినవాడికి ఎర్రచేప ధరతో పనేమిటి? చిప్పు చేప ఒంట్లో ఉంటుంది, నల్లనీటిలో ఉండదు. ఆ నీరు పోయినప్పుడు ఫారంలో లక్ష ఎర్రచేపలున్నా, ఆ ఎరుపు పుట్టిన కారణం పోతుంది. సరస్సును 1999లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు, మంచిదే. మన కొల్లేరును అదే సంవత్సరం అభయారణ్యం చేశారు. 2006లో అక్కడ చెరువుగట్లు తెగగొట్టినప్పుడు ఎవరి చెరువులు తిరిగి లేచాయో, ఏ వడ్డికులస్తుల కుటుంబాలు వలసపోయాయో చూసినవారు, ప్రకటన వేరు, నీటి మీద హక్కు వేరు అని నాకంటె బాగా చెప్పగలరు.

మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టాన్ని 2022లో సవరించి, సైటిస్ పట్టికలోని ప్రాణులను ఇంట్లో ఉంచుకున్నవారు రిజిస్టరు చేయించుకోవాలన్నారు; 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉన్నది. అంటే హైదరాబాదులోనో విశాఖలోనో ఒక మేడ హాలులో ఎర్ర అరోవానా ఉంటే దాని వివరం సర్కారు దగ్గర ఉండాలి. ఏ జాతి, ఎన్ని, ఎక్కడ అని ఆ దరఖాస్తు అడుగుతుంది. ఇదే చేప కపువాస్ ఒడ్డున నేడు ఒక జాలరి వలలో పడితే అతను దాన్ని అమ్మరాదు, తినరాదు. తాతలు వండుకు తిన్న చేప అతనికి నేరవస్తువైంది, ధ్రువపత్రం ఉన్న ఫారం యజమానికి వ్యాపారవస్తువైంది. అతను ఇప్పుడు అదే సరస్సులో వెదురుబోనులు దించి, తోమన్ అనే కొరమీను జాతి చేపను పెంచుకుంటున్నాడు. దానికి మేతగా చిన్నచేపలు పట్టి వేస్తాడు. తూకానికి అమ్ముతాడు.